ఊడని మీసం, నా మొహం ఉన్న రీలు

పట్టణ పోలీసు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ జవాను గారిని పొరపాటున గుర్రాల నీళ్లతొట్టిలో పడవేసిన సంగతి, తత్సంబంధమైన రీలును కాల్చవద్దని వేడుకొనుట గురించి.

1. మూకీ హాస్యచిత్రాల కంపెనీలో కిందపడటం నా ఉద్యోగం. మేడ మీంచి, నిచ్చెన మీంచి, కదిలే బండి మీంచి, ఎక్కడినుంచి పడమంటే అక్కడినుంచి పడతాను. వేరే విద్య రాదు. గోడ ఎక్కేదాకా హీరో గారే. దూకేటప్పుడు ఆయన చొక్కా తొడుక్కున్న నేను. కనుక ప్రజలు ఇంతవరకు నా వీపును మాత్రమే ఎరుగుదురు.

2. మా అమ్మ ప్రతి బొమ్మకూ వెళ్లి, పడేవాడు మా అబ్బాయేనని పక్క కుర్చీకి చెబుతుంది. మొహం చూడకుండా ఎలా పోల్చావు పిన్నీ అని ఒకావిడ వెక్కిరిస్తే, "ఆ వీపు తోమి పెంచింది నేనే కదమ్మా," అన్నదట. ఆవిడ నమ్మలేదు. మా అమ్మ ఇంటికొచ్చి గోడవైపు తిరిగింది. మొహం దాచుకుని బతికేది దొంగలేనని గోడతోనే అన్నది.

3. మొన్న నాకు తొలిసారి సొంత వేషం దక్కింది. పండ్ల దొంగ. మా పద్ధతి ప్రకారం కెమెరాను బండిలో గోనెపట్టాల చాటున దాచి, నిజమైన అంగడివీధిలో తీస్తాం. నేను పండు ఎత్తుకుని పరిగెత్తాలి. పోలీసు వేషగాడు తరమాలి. తొట్టి దగ్గర నేను చటుక్కున వంగితే అతను నా మీదుగా నీళ్లలో పడాలి. ఆ వేషగాడు మలుపులో చుట్ట ముట్టించుకుంటూ ఉండిపోయాడు. దొంగతనం కళ్లారా చూసిన తమ జవాను గారు వెంటపడ్డారు. కొత్త నటుడు కాబోలనుకుని, "ఇంకాస్త జోరు పెంచు అన్నా, వెనకబడుతున్నావు," అని ప్రోత్సహించాను కూడా.

4. ఆయన నీళ్లలో పడిన తీరుకు ముచ్చటపడ్డాను. కథ ప్రకారం పోలీసు వేషగాడు లేవగానే నేను అతని అంటించుకున్న మీసం లాగాలి, అది నా చేతికి ఊడి రావాలి. లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. అప్పుడూ రాలేదు. చట్టం గుర్తొచ్చింది అప్పుడే. వీధంతా నవ్వుతోంది. కెమెరా తిరుగుతూనే ఉంది. ఇటువంటప్పుడు మావాళ్లు మహా కర్తవ్యపరులు.

5. ప్రస్తుతం లాకప్పులో ఉన్నాను. శిక్షకు అభ్యంతరం లేదు. ఇక్కడి నేల మేము పడే పరుపు కంటే మెత్తన. కానీ శాఖ పరువు కోసం సదరు రీలును కాల్చమని తమరు ఉత్తర్వు చేశారని విన్నాను. అయ్యా, అందులో నా మొహం ఉంది. ఒకరి మీసం పట్టుకుని బిత్తరపోయిన మొహం. అందమైనదని అనను. అయినా నాదే. కాల్చక తప్పదంటే, ముందొక్కసారి మా అమ్మకు వేసి చూపించండి. పక్క కుర్చీలో ఆ ఆవిడను కూర్చోబెట్టగలిగితే మరీ ధర్మం.

దయతో చిత్తగించవలెను, చదువుతుండగా నవ్వొస్తే ఆ నేరం కూడా నా మీద వేయవద్దని మనవి.

తమ విధేయుడు,
హీరో గారి వీపు

తా.క.: ఇది రాస్తుండగా తొట్టిలో పడిన జవాను గారు కటకటాల దగ్గరికొచ్చారు. పైపెదవికి మందు రాసుకున్నారు. ఆ ఆట వేస్తే తనకు రెండు కుర్చీలు కావాలన్నారు. రెండోది ఎవరికని అడిగాను.

"మా ఆవిడకు. ఈ వయసులో నేను పరిగెత్తానంటే నమ్మట్లేదయ్యా."