కట్ అంటే కొంగు

గురుబరపల్లి,
9 జూన్ 2025.

ప్రియమైన మంజక్కకు,

నీ చెల్లెలు మోనిషా నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. హోసూరు హాస్టల్లో నువ్వూ క్షేమమని తలుస్తాను. ఫోన్ ఎత్తవు, ఎత్తినా పూర్తిగా వినవు కాబట్టి ఉత్తరం. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు.

వేసవి సెలవుల్లో మన బడిలో డాన్స్ సినిమా తీయడం నేర్పించారు. మాటలు లేకుండా ఒళ్లే కథ చెప్పే చిన్న సినిమా. నేర్పిన చెన్నకేశవ సార్‌ది బెంగళూరు. పిల్లలం కెమెరా పట్టాం, ఊరి ఆడవాళ్లు ఆడారు. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్లవాళ్లంతా వచ్చారు. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెలు విసురుకునేవాళ్లే చేతులు పట్టుకొని నాట్లు వేసినట్టు వంగారు.

మొదటి రోజు సార్ "కట్" అన్నారు. పక్కింటి కెంచమ్మవ్వ వెంటనే కొంగు నడుముకు చుట్టి కట్టింది. సార్ మళ్లీ కట్ అంటే ముడి ఇంకా బిగించి, కట్టమంటివి, కట్టినాను, ఇంగేం కట్టాలప్పా అని అడిగింది. ఆమెను చూసి అందరూ కట్టారు. సార్ నవ్వి, దాన్నే ఆటలో పెట్టేశారు. సినిమావాళ్ల మాటకు ఆగమని అర్థం, మన చెవికి కొంగు కట్టి పని మొదలుపెట్టమని. ఈ సంగతి తలచుకుని నేను రోజంతా మురిసిపోయాను.

అమ్మ కూడా ఆడిందక్కా. ఆడే కాళ్లు ఇంట్లో నిలుస్తాయా అని నీ గజ్జెలు అటక మీదికి విసిరిన అమ్మే. మొదట గేటు దగ్గరే నిలబడి చూసింది. కెంచమ్మవ్వ ఊరుకుంటుందా? ఏమ్మే అంజనా, కాళ్లకు బీగం ఏసినావా, ఈడికి రామ్మే అని ఎగతాళి చేసింది. ఇంటికి వచ్చాక అమ్మ కాళ్లు పిసుక్కుంటూ, మంజు ఈ ఆటను వదిలి ఎట్ల ఉండిందో అంది.

22వ తేదీ ఆదివారం, చీకటి పడగానే బడి గోడ మీద ఊరందరికీ చూపిస్తారు. ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఉంటే మార్చుకో. ఉగాదికి నువ్వు రాలేదు. దీనికీ రాకపోతే, అమ్మ ఇక నిన్ను పిలవడానికే జంకుతుందని నా భయం.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
మోనిషా

తా.క. సినిమా పూర్తయిందని అనుకుంటున్నావేమో. కాలేదు. అందరూ వరుసగా నిలబడే చివరి షాట్ అమ్మ తీయనివ్వడం లేదు. సార్ బతిమాలితే, మా పెద్దది రావాల, నా పక్కన ఆ చోటు దానిది, అంతవరకు ఆగండి సార్ అంటోంది. 21వ తేదీ శనివారం దాకా ఆగుతామన్నారు. ఆదివారం కాదక్కా, శనివారమే రా.