పెత్రమాస నాడు మీ పేరున

సిస్టర్, ఈ పొద్దున బట్టలు నేసే సాంచాలు ఆపేసరికి మా గల్లీలో పిచ్చుకల అరుపు వినిపించింది. ఈరోజు పెత్రమాస. పోయిన పెద్దలకు ఇంట్లో కొత్తబట్టలు పెడతాం.

మీ నైజీరియాలో యోరుబా వాళ్ల ఊళ్లలోనూ పండుగనాడు పోయిన పెద్దలు పొరలు పొరలుగా బట్టలు కప్పుకుని ఆడుతూ వస్తారని మీరు మా బడిలో, క్లాసులో చెప్పారు. మేం నవ్వితే, "తాతల్ని తలుచుకోవడం నవ్వులాటా?" అన్నారు.

మీరు పోయారని నిరుడు తెలిసింది. మీకూ ఒక బట్ట పెట్టమని నాయనమ్మను అడగడానికి భయపడ్డాను. మతం వేరు, కాదంటుందేమోనని. చివరికి అడిగేశాను.

"ఆమె ఇంటిపేరేందే? పేరు పిలిచి పెట్టాలె గదా," అంది నాయనమ్మ.

"తెల్వదు. సిస్టర్ అంటం."

"గట్లనే పిలుస్త. చీర కడతదా, గౌనా?"

ప్రాణం కుదుటపడి నవ్వాను. పోయిన మా అమ్మకు పెట్టిన చీర పక్కనే మీ తెల్లబట్ట పెట్టింది. నాయనమ్మ మిమ్మల్ని ఒక్కసారీ చూడలేదు.