మెనూలోంచి తీసేసిన సార్ట్

జులై 2005, మంగళవారం

చేపల ఆఫీసు కంప్యూటర్లో ఎక్సెల్ మెనూలోంచి, పేర్లని అక్షరక్రమంలో పెట్టే సార్ట్ కమాండ్‌ని పొద్దున్నే తీసేశాను. ఓనరు గారు పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొడతారు. పేర్లు కదులుతాయి, పక్క కాలమ్‌లోని చేపల బరువులు కదలవు. నిన్న ఆకివీడు రైతు చేపలు కైకలూరు రైతు పేరు మీదికి పోయాయి. ఆకివీడాయన వచ్చి నన్ను తిట్టి వెళ్ళాడు.

మధ్యాహ్నం ఓనరు గారు మెనూ అంతా వెతికి, "ఏమ్మా షమీమ్, సార్ట్ ఏదీ?" అన్నారు.

"నేనే తీసేశానండీ. కావాలంటే చెప్పండి, నేను చేసిపెడతాను."

కోప్పడతారనుకున్నాను. నవ్వారు.

"మంచి పనే చేశావు. మళ్ళీ ఎలా పెట్టాలో కాగితం మీద రాసివ్వమ్మా. ఒకటో తారీఖు నుంచి వచ్చే అమ్మాయికి తెలియాలి కదా."

రాసిచ్చి వచ్చాను. ఏ అమ్మాయండీ అని మాత్రం అడగలేకపోయాను.