గోడ మీద నాలుగు గీతలు

4వ తారీఖు, సోమవారం

పొద్దున పాలు పిండుతుంటే ఇద్దరు వచ్చారు. బూట్లతో పేడలోకి. బర్రెల మీద అప్పిచ్చిన ఫైనాన్స్ వాళ్ళు, కొత్త ముఖాలు.

"కోర్టు నెలకు ఐదు వేలు కట్టమన్నది గదా పెద్దాయనా? నాలుగు నెలలాయె. ఒక్కటి రాలే."

రాలేదా! నాలుగూ ఇచ్చాను. గోడ చూపించాను. నాలుగు గీతలు. వాళ్ళ మనిషి నర్సింగ్ ప్రతి నెలా వచ్చి, డబ్బు తీసుకుని, తన చేత్తోనే సుద్దముక్కతో గీశాడు.

నవ్వారు. "గోడేంది బాపు, రసీదేది?"

పోతూ పోతూ ఒకడు రాణి వీపు మీద చెయ్యేశాడు. "బర్రె మస్తున్నది. పద్దెనిమిదిన కోర్టుల చెప్పి రెండిటినీ తోలుకపోతం."

చెయ్యి తియ్‌రా అన్నాను. ఉన్నవే రెండు. అవి పోతే నేనెవర్ని?

5, మంగళవారం

నలభై ఏళ్ళు పాలు పోశాను. ప్రతి ఇంట్లో తలుపు పక్కన గీతలే. పూటకొకటి. నెలాఖరుకు ఇద్దరం కలిసి లెక్కపెట్టి చెరిపేసేవాళ్ళం. బహదూర్‌పురాలో గౌస్ భాయ్ హోటల్ గోడ ఇప్పటికీ అంతే. ఒక్క గీతకు లొల్లి కాలేదు. ఇవాళ నా గోడ అబద్ధమట. థూ.

7, గురువారం

వకీలు దగ్గర.

"ఏం చెప్పిన తాతా నీకు? కోర్టుల కట్టు, కాయితం తెచ్చుకో అన్ననా లేదా?"

అన్నాడు.

"మరి ఇంటికాడ ఎందుకిచ్చినవ్? ఇప్పుడు గోడను మోసుకొస్తవా?"

లేచి వచ్చేశాను. నా ఫీజు తీసుకుని నన్నే తిడతాడు.

8, శుక్రవారం

ఫైనాన్స్ వాళ్ళ ఫోన్ పదిసార్లు. దాణా డబ్బాలో పడేశాను. మోగనీ.

11, సోమవారం

నర్సింగ్ దొరికాడు. ఉస్మాన్‌గంజ్‌లో దాణా కోసం పోతే, ఆ పక్క కొట్టులో బస్తాల మీద పేర్లు రాస్తున్నాడు. కాలర్ పట్టుకున్నాను.

"గీత గీసినవా లేదా?"

"గీసిన బాపు. పైసలు కంపెనీల కట్టలే... అవ్వకు పానం బాగలేకుండె. నౌకరీ గూడ పోయింది."

"కోర్టుకొచ్చి గిదే చెప్పు."

"చెప్తే లోపలేస్తరు బాపు."

చెయ్యి లేచింది. కొట్టు సేఠ్ గల్లా మీంచి తల ఎత్తి, "క్యా హువా చాచా?" అన్నాడు. ఏం చెప్పను? నాకు కోర్టు కేసుందనా? చెయ్యి దించాను. కాలర్ వదిలాను. ఇంటికొచ్చేదాకా పళ్ళు కొరుకుతూనే ఉన్నాను.

13, బుధవారం

ఎవరికీ చెప్పనిది. మొదటి నెల కోర్టుకు పోయాను. డబ్బు కట్టే లైన్లో నిలబడ్డాను. ముందరివాడు తిరిగి చూశాడు. నేను పాలు పోసే ఇంటివాడే.

"అరే, పాల పెంటయ్య! నువ్వు గూడ గిక్కడికొచ్చినవా?"

లైనంతా తిరిగింది. డబ్బు జేబులోనే పెట్టుకుని వచ్చేశాను. మన ఇంటి దగ్గరే ఇవ్వమని జడ్జి అన్నాడని మల్లమ్మకు చెప్పాను. పెళ్ళాంతో అబద్ధం. నర్సింగ్‌కు ఫోన్ చేసి, నా కొట్టంలోకి వచ్చి తీస్కపో అన్నాను. వాడు వంగి గీత గీస్తుంటే నేనే వాడికి అప్పిచ్చినవాడిలా నిలబడ్డాను. బాగుండింది. నాలుగుసార్లూ బాగుండింది.

15, శుక్రవారం

రాణి గోడకు ఒళ్ళు రుద్దుకుంది. మూడో గీత సగం పోయింది. కట్టె ఎత్తి ఆగాను — దానికేం తెలుసు. అటువైపు కట్టేశాను. సుద్దముక్క అక్కడే ఉంది. దిద్దితే ఎవరికి తెలుస్తుంది? దిద్దలేదు. వాడు గీస్తేనే గీత. నేను గీస్తే దొంగతనం.

17, ఆదివారం

మల్లమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసింది.

"రేపు నేను గూడ వస్త. ఆడు గీసినప్పుడల్ల నేను పక్కకే ఉన్న. జడ్జి ముంగట చెప్త."

"నీకెందుకే కోర్టు?"

"ఎందుకేంది? బర్లు నీ ఒక్కనియా? ఇంటికాడ ఇయ్యమన్నది నువ్వే గదా సారూ, ఇప్పుడు గిట్లెట్ల అంటవ్ అని ఆయన్నే అడుగుత."

అరిచాను. ఇంట్లో కూర్చో అన్నాను. నన్ను పట్టించుకోకుండా చీర దులిపి దండెం మీద వేసింది.

రేపు పదిన్నరకు.

సాయంత్రం పాలు పిండుతూ, నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. చెంబు నిండిందనుకుని మల్లమ్మ ఇంకో చెంబు అందించింది.