బంతి చేతికొస్తే పాడాలి

ఏమండీ అని మొదలుపెట్టను. బతికున్నన్నాళ్ళూ మీరు, మీరు అన్నాను. ఇక నువ్వు చాలు.

నువ్వు పోయి ఏడాదైందని నీ తమ్ముడు చల్లపల్లి నుంచి వచ్చి నిన్న చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు.

మన మగ్గానికి నూలు కండెలు చుడుతూ పాడుకునేదాన్ని, గుర్తుందా? “పొద్దస్తమానం తనలో తనే పాడుకుంటదండీ, పిచ్చెక్కింది” అని డాక్టరుగారికి చెప్పి, ఈ బెజవాడ ఆస్పత్రిలో నన్ను వదిలేసి పోయావు.

ఇక్కడ ప్రతి శుక్రవారం మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి బంతాట ఆడిస్తారు. బంతి ఎవరి చేతికొస్తే వాళ్ళు పాట పాడాలి. పాడితే పిచ్చి ముదిరిందంటారని మూడేళ్ళు నోరు విప్పలేదు. పాడటం లేదు కాబట్టి నాకింకా నయం కాలేదని వీళ్ళు రాసుకున్నారట!

ఈరోజు బంతి రాగానే, ఇక ఎవరికి భయపడాలని, నీకు గిట్టని ఆ పాటే గొంతెత్తి పాడాను. నర్సమ్మ చప్పట్లు కొట్టింది. “ఇన్నాళ్ళూ ఎందుకు దాచావమ్మా? డాక్టరుగారితో చెప్తాను, ఇంటికెళ్ళిపోదువుగాని” అంది.

వస్తున్నాను. గోడకి నీ పటం తగిలించారట. సరిగ్గా దాని కిందే రాట్నం వేసుకుని, చీకటి పడేదాకా పాడతాను. ఏ డాక్టరుకి చెప్పుకుంటావో చెప్పుకో.