మా అక్కను తిరిగి కాజాల పనిలోకి పిలిపించు విషయమై

చిన్న వ్యాపారుల సహాయ అధికారి గారి సముఖమునకు,
బస్టాండు వెనక సందులో చొక్కాలు, ప్యాంట్లు కుట్టు టైలరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నిర్వహణ ఖర్చులు తగ్గించుకొను శిబిరంలో తమరు సెలవిచ్చిన సలహాలను అమలు పరచగా ఏర్పడిన పరిస్థితి, మరియు ఒక సంతకం కోరుట గురించి.

తమకు మనవి చేయునది ఏమనగా, గత వేసవిలో జరిగిన సదరు శిబిరంలో నేను రెండో వరుసలో కూర్చున్నాను. తమరు బోర్డు మీద "తగ్గిన ఖర్చే వచ్చిన లాభం" అని వ్రాసి కింద రెండు గీతలు గీసినప్పుడు మొదట చప్పట్లు కొట్టింది నేనే. కావున తప్పంతా తమదే అనడానికి నాకు నోరు రావడం లేదు. ఓపిక కూడా లేదు.

1. అద్దె విషయమై: తమరు చెప్పినట్లే షాపులో సగభాగం సెల్‌ఫోన్లు బాగుచేసే అతనికి ఇచ్చాను. మంచివాడే. కానీ బాగుచేసిన ప్రతి ఫోనునూ మోగించి చూస్తాడు. మోగినప్పుడల్లా నా కాలు మిషను మీద అదురుతుంది, కుట్టు పక్కకు పోతుంది. పోయిన వారం పెళ్లికొడుకు ప్యాంటు అంచులో ఫోన్ల అతని బుల్లి స్క్రూ ఒకటి కలిపి కుట్టేశాను. అది కాలికి గుచ్చుకునే దాకా ఎవరికీ తెలియలేదు.

2. కరెంటు విషయమై: మూడు ట్యూబులైట్లలో రెండు తీసేశాను. ఆ వెలుతురులో నల్ల ప్యాంటుకు నీలం దారం వేసినట్లు నాకు కనబడలేదు. ఎండలోకి వెళ్లాక ఆ ప్యాంటు తాలూకు ఆసామికి కనబడింది. ఆయన మాటలు అర్జీలో వ్రాయదగినవి కావు.

3. సిబ్బంది విషయమై: అసలు మనవి ఇదే. పై రెండూ భరించగలను.

శిబిరంలో నేను చెయ్యెత్తి, "మా షాపులో కాజాలు చేత్తో కుట్టే మనిషి ఉందండీ. ప్రతి కాజాలోనూ గుండీ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూస్తేగానీ చొక్కా వదలదు" అన్నాను. తమరు నవ్వి, "అదేనయ్యా సమయం వృథా అంటే. ఆ పని మిషను వాళ్లకు ఇచ్చేసి ఆ మనిషిని తీసెయ్" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మనిషి ఎవరని తమరు అడగలేదు, మా అక్క అని నేను చెప్పలేదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. సూదిలో దారం ఎక్కించడం నేర్పిందీ తనే. షాపు తెరిచిన నాటి నుంచి గుమ్మం పక్కన బల్ల వేసుకుని కూర్చునేది. శిబిరం నుంచి తిరిగొచ్చి, "అక్కా, ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకో. ఆఫీసరు గారు తీసెయ్యమన్నారు" అన్నాను. అక్క సూదిని దారపుండకు గుచ్చి, కళ్లజోడు మడిచి, "సరే, ఓనరు గారూ" అంది. బల్ల చోటు ఫోన్ల అతనికి ఇచ్చాను. బల్ల ఇప్పుడు వెనక గోడకు నిలబెట్టి ఉంది.

నాటి నుంచి నేను ఇంట్లో ఓనరు గారినే. నేను ఎదురుగా ఉండగానే మా ఆవిడతో, "ఓనరు గారికి నీళ్లు కాగాయని చెప్పు" అంటుంది. కడుపుకు లోటు చెయ్యదు, మాటకే లోటు. ఇంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

4. మిషను కాజాల విషయమై: రెండు ఉతుకులకే నూలు లేచిపోతోంది, గుండీ నిలవడం లేదు. హైస్కూలు హెడ్మాస్టరు గారికి పిల్లలందరి ముందూ మాట్లాడుతుండగా పొట్ట దగ్గర చొక్కా తెరుచుకుంది. ఆయన ఆ చొక్కా తెచ్చి, మిషను మీద పెట్టి, "అక్కగారు కులాసానా?" అని అడిగి వెళ్లిపోయారు. ఇది వ్రాస్తూ నేను తొడుక్కున్న చొక్కాకూ మధ్య గుండీ స్థానంలో పిన్నీసే ఉంది.

తిరిగి రమ్మని మా ఆవిడ చేత అడిగించాను. హెడ్మాస్టరు గారి చేతా చెప్పించాను. "నన్ను తీసింది ఆఫీసరు కదా, ఆయన్నే పిలవమనండి" అంటోంది. కావున తమరు దయతలచి, "సదరు టైలరు అక్కగారు వెంటనే పనిలోకి రావలెను" అని ఒక్క ముక్క వ్రాసి సంతకం చేయవలసిందిగా ప్రార్థన. ముద్ర కూడా వేస్తే మరీ మంచిది. నా అలసటను మన్నించి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
టైలరు

తాజా కలం: తప్పులుంటే చెప్పమని ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. వంటింట్లో ఉన్న అక్క వింటుందనుకోలేదు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఆఫీసరు దగ్గరికి పిన్నీసు పెట్టుకుని పోతావురా? ఇటు తే ఆ చొక్కా" అంది. ఆ 'రా' విని ఎన్నాళ్లయిందో!

బనియనుతో ఎదురుగా కూర్చున్నాను. మిషను నూలు పీకేసి, కాజా చుట్టూ చేత్తో కుట్టుకుంటూ వచ్చింది. "అక్కా, ఆఫీసరు గారు సంతకం పెడితే వస్తావుగా?" అన్నాను.

"ఆ ఆఫీసరెవరో నాకేం తెలుసు? ఊరందరి చేతా పిలిపించావు. నువ్వు పిలిచావా ఒక్కసారైనా?"

నిజమే, పిలవలేదు. అంత చిన్న పని నాకు తోచలేదు.

"రా అక్కా" అన్నాను.

అందుచేత తమ సంతకం అవసరం లేదు. అంత కష్టపడి రాశావు కదా, ఇచ్చిరా అని అక్కే అన్నందున అర్జీ మాత్రం దాఖలు చేస్తున్నాను. బల్ల మళ్లీ గుమ్మం పక్కనే వెయ్యమంది. ఫోన్ల అతన్ని కాస్త జరగమనాలి.

అక్క మాత్రం "వస్తాను" అని నోటితో అనలేదు. చొక్కా నాకు తొడిగి, కొత్త కాజాలో గుండీ పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.