ఐదో బండి మైలేజీ

జులై 7, సోమవారం
మా సినిమా ఆఫీసు బండ్లు ఐదింటి మైలేజీ లెక్క మేనేజర్ గారు నాకే ఇచ్చారు. పద్ధతి నేనే చెప్పాను. బంకులో డీజిల్ గన్ను దానంతట అది ఆగేదాకా ట్యాంకు నింపాలి, మీటరు రాసుకోవాలి. వారం తిప్పి, అదే బంకులో మళ్ళీ నింపాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి.
ఐదో బండి నాయినది. ఇంటికొచ్చి చెబితే నవ్వాడు. "రాయి బిడ్డా. నా బండికి ఫికర్ లేదు."

జులై 14
నాలుగు బండ్లు లీటరుకు పన్నెండు, అటూ ఇటూగా. నాయినది ఎనిమిది. మూడుసార్లు భాగించి చూశాను.

జులై 15
మేనేజర్ గారు కాగితం చూసి, గొంతు తగ్గించి, "బండే తాగుతోందా, ఎవరైనా తీస్తున్నారా అమ్మా?"
ఇంకో వారం చూసి కారణం రాసివ్వాలి. లేకపోతే నాయిన డీజిల్ అమ్ముకున్నాడనే అనుకుంటారు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే డ్రైవరు.

జులై 16
అన్ని టైర్లకూ గాలి పట్టించాను. ఎయిర్ ఫిల్టర్లు మార్పించాను. డిక్కీల్లోంచి పాత లైటు స్టాండ్లు దింపించాను. షూటింగ్ దగ్గర ఏసీ కోసం ఇంజను ఆన్‌లో ఉంచొద్దని డ్రైవర్లందరికీ చెప్పాను.
రెండో బండి యాదగిరి అన్న నాయినతో, "ఏందన్నా, నీ బిడ్డ బండ్లకు బీపీ చూస్తున్నది. రేపు మనకు సూదులు పొడుస్తదేమో." నాయిన మీసం దువ్వుకున్నాడు.

జులై 21
మిగతావన్నీ పెరిగాయి. యాదగిరి అన్న బండి పద్నాలుగు. నాయినది ఎనిమిదే.
నాయిన తీసుంటాడా...
ఈ మాట రాశాను.

జులై 22
నాయిన పక్కన కూర్చుని చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్ నగర్ దాకా వెళ్ళాను. గేరు పడ్డాక కూడా ఎడమ కాలు క్లచ్ మీదే. ఎత్తు ఎక్కే దగ్గర ఇంజను అరుస్తోంది, బండి మాత్రం పాకుతోంది. డీజిల్ పోయేది ఇక్కడే.
"నాయినా, క్లచ్ మీంచి కాలు తియ్యి."
"తీసిన కదా."
తీయలేదు. ముఖం చూశాను — అబద్ధం కాదు. తీశాననే అనుకుంటున్నాడు.
దొంగతనం కాదు. ఎంత సంతోషం వేసిందో. మలుపు దాటేదాకా ఉంది ఆ సంతోషం. నాయినకు షుగర్, ఆ పాదానికి స్పర్శ పోయినట్టుంది. షుగర్ రెండు కాళ్ళకూ ఒకటే. బ్రేకు మీద ఉండేది కుడి కాలు.

జులై 23
పొద్దున గడపలో చాయ్ తాగుతున్నాడు. పక్కన కూర్చుని పెన్ను మొనతో కుడికాలి బొటనవేలు నొక్కాను. నీళ్ళ ట్యాంకర్ గొడవ చెబుతూనే ఉన్నాడు. ఇంకా గట్టిగా నొక్కాను. సిరా మరక పడింది. కిందికి చూడలేదు.
దవాఖానకు పోదామన్నాను.
"సెలవు పెడితే బండి ఇంకొకనికిస్తరు. కాళ్ళకేమైంది? నడుస్తలేనా?"

జులై 24
మైలేజీ గడి నింపాను. కారణం గడి ఖాళీ.
'క్లచ్ ప్లేటు అరిగింది' అని రాయొచ్చు. అరిగే ఉంటుంది. కొత్తది వేస్తారు, నాయిన మీద మాట పోతుంది. నాయిన ఆ సీట్లోనే ఉంటాడు.
రేపటి నుంచి మా ఓనరు పెద్ద సారు మనవరాళ్ళను స్కూలుకు దింపేది ఐదో బండే. నాయినకు ఒకటే సంబరం. "నన్నే కావాలన్నడు సారు."

జులై 25
పొద్దున ఏడున్నర. కాగితం పదింటికి ఇవ్వాలి. స్కూలు ఎనిమిదిన్నరకే.
నాయిన చెప్పులు వేసుకుంటున్నాడు. వేలు పట్టీలో దూరిందో లేదో వంగి కళ్ళతో చూసుకుంటున్నాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.
తెలుసు. నాయినకు ముందే తెలుసు.
తాళం డైరీ కింద పెట్టాను. దాని మీదే రాస్తున్నాను.
"బిడ్డా, బండి తాళం కనవడ్తలేదు. చూసినవా?"